పారబోసిన మడ్డి

“ట్యూబులల్ల సబ్బు మిగులుతున్నది. అందుకే లెక్క తప్పుతున్నది” అన్నది మేడం.

“సబ్బెట్ల మిగులుతది మేడం? ఏడు నీళ్ళు పోసి కడుగుత. ఆఖరుకు డిస్టిల్ నీళ్ళు పోసి బోర్లిస్త” అన్నాను నేను.

“ఏడు పోసినవో మూడే పోసినవో ఎవరు చూసిండ్రు? నీళ్ళు గూడ పొదుపు చేసేదానివి నువ్వు.”

“నా ఇంట్ల పొదుపు చేస్త. మీ పనిల కాదు.”

“మరి మంచిగున్న గొర్రెపిల్లల ట్యూబులల్ల పసుపు ఎందుకు తగ్గుతున్నది? రోగమొచ్చినవాటికి ఎక్కువొచ్చి మంచివాటికి తక్కువొస్తదా, ఎక్కడన్న?”

“నన్నడిగితె నాకేం ఎరుక? నేను సదివింది మూడో తరగతి.”

“సదువు లేకున్న నోరున్నది. ఆ ఫ్రిజ్ చూడు ఒకసారి. పై అరల చెయ్యి పెట్ట సందు లేదు. నీ సీసాలు, నీ దారాలు, నీ పాత కాయితాలు. ఇది లాబా, మీ ఇంటి అటకనా? రేపు పొద్దుగాలకల్ల అంత ఖాళీ కావాలె. ఒక్కటి మిగలొద్దు.”

“ఒక్కటి మిగలొద్దా?”

“ఒక్కటి మిగలొద్దు.”

ఆ మాటను నేను ఆమెతో రెండుసార్లు అనిపించుకున్నాను. ఎందుకు అనిపించుకున్నానో నాకు అప్పుడే తెలుసు. ఆమెకు ఎనిమిది రోజుల తర్వాత తెలిసింది.

వనపర్తిలో ఒక కాలేజీలో, జంతుశాస్త్రం లాబులో నేను ఇరవై రెండేళ్ళు అటెండరుగా పని చేశాను. రిటైరైనవాళ్ళు తమ ఉద్యోగం సంగతి ఏదైనా రాసివ్వాలని అక్కడి పిల్లలు మొన్న ఇంటికొచ్చి అడిగారు. మంచి జ్ఞాపకం రాయమన్నారు. మంచివి అందరూ రాస్తారు. నేను చెడగొట్టింది రాస్తున్నాను. మీరు లాబుల్లో చేరబోయే పిల్లలు, మీకు ఇదే పనికొస్తుంది.

తొంభైల మొదటి సంవత్సరాల సంగతి. మేడం తాత్కాలిక లెక్చరరు. నాగర్‌కర్నూల్ అవతల మెట్ట పొలాల రైతుబిడ్డ, వాళ్ళ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. పాఠాలు చెప్తూనే పీహెచ్‌డీ చేస్తోంది. ఆ డిగ్రీ వస్తే ఉద్యోగం నిలుస్తుంది, లేకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది. యూనివర్సిటీ ఇచ్చిన గడువు ఆ వేసవితో తీరిపోతుంది. ముందే చెప్తున్నాను, ఆ డిగ్రీ ఆమెకు రాలేదు. వస్తుందేమోనని ఎదురుచూస్తూ చదవొద్దు.

ఆమె పట్టుకున్న సంగతి వాళ్ళ ఊరిదే. ఒక చలికాలం ఆ పక్క మందల్లో గొర్రెపిల్లలు పుట్టిన కొద్దిరోజులకే వెనక కాళ్ళు ఈడ్చడం మొదలుపెట్టాయి. మొదట తడబాటు, తర్వాత కుక్క కూర్చున్నట్టు కూర్చోవడం, ఆ తర్వాత లేవకపోవడం. మెదడులో, నరాల్లో ఏదో తేడా వచ్చి ఉండాలి, ఆ తేడా ఏమిటో చూస్తానని ఆమె పట్టుబట్టింది.

తలల కోసం ఇద్దరం బస్సెక్కి పోయేవాళ్ళం. మొదటిసారి పోయినప్పుడు ఒక ముసలి గొర్లకాపరి కట్టె మీద గడ్డం ఆనించి మమ్మల్ని కిందికీ పైకీ చూశాడు.

“కాళ్ళు రాని పిల్ల తలకాయ మీకెందుకమ్మా? ఏమన్న చేతబడి చేస్తరా?”

“చేతబడి కాదు పెద్దయ్యా. కాళ్ళు ఎందుకు పడిపోతున్నయో చూస్తం” అన్నది మేడం.

“చూసినంక లేస్తయా?”

మేడం నా దిక్కు చూసింది. నేను అందుకున్నాను. “చూడకుంటె లేస్తున్నయా?”

ఆయన నవ్వలేదు గానీ, లేవలేక పడి ఉన్న పిల్లను కోసి తలను మోదుగాకుల్లో చుట్టి ఇచ్చాడు. ఆ తర్వాత ప్రతి వారం ఎవరో ఒక కాపరి కబురు పెట్టేవాడు. మంచి పిల్లల తలలు వనపర్తిలోనే మాంసం కొట్టులో దొరికేవి. ఆ కొట్టాయన నన్ను చూసినప్పుడల్లా ఒకటే మాట.

“ఏందమ్మా, దినాం మెదడేనా? మీ కాలేజీల తెలివికి గంత కరువొచ్చిందా?”

“కరువు నీ తరాజుకొచ్చింది. మాటలు ఆపి జర మంచు మీద పెట్టియ్యి.”

పని వివరం కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది తెలియదు. మెదడును మంచు మీద ఉంచి గాజు రోకలితో నూరాలి. అందులో ఒక మందు పోయాలి. ఆ మందు కూడా ఒక జాతి సబ్బేనని, కణాల పొరలను కరిగిస్తుందని మేడమే చెప్పింది. తర్వాత గిర్రున తిప్పే మిషన్లో పెట్టాలి. తిప్పి తీస్తే పైన తేట, అడుగున మడ్డి. తేటను ఇంకో ట్యూబులోకి తీసి వేరే మందు కలిపితే పసుపు రంగుకు తిరుగుతుంది. పసుపు ఎంత చిక్కగా ఉంటే మేడం వెతుకుతున్న ఎంజైము అంత ఉన్నట్టు. ఎంజైము అంటే కణంలో పని చేసే కూలిమనిషి అనుకోండి, నేను అట్లాగే అనుకున్నాను. ఇక మడ్డి సంగతి. కరగని చెత్త, పారబొయ్యాలి అని ఆమె రాసుకొచ్చిన పద్ధతిలోనే ఉంది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, నూరిన గుజ్జులో పసుపు బాగా చిక్కగా వచ్చేది. అదే గుజ్జును తిప్పి తేట తీస్తే వెలవెలబోయేది. అందులోనూ మంచి పిల్లల తేట మరీ పలుచన, కాళ్ళు రాని పిల్లల తేట కొంచెం నయం. అంతా తలకిందులు. గుజ్జుకూ తేటకూ నడుమ ఎంజైము ఎక్కడికి పోతున్నట్టు? నడుమ ఉన్నవి నేను కడిగిన ట్యూబులే. అట్లా నింద నా మీదికి వచ్చింది.

ఇప్పుడు నా సంగతి. నేను గద్వాలలో నేతగాళ్ళ ఇంట పుట్టాను. మగ్గం మీద చీర కోసుకున్నాక, నిలువు పోగులు దూరే దువ్వెనలాంటి అచ్చులో పాత పడుగు తోక మిగులుతుంది, జానెడో బెత్తెడో. దాన్ని ఎవరూ తీసి పారెయ్యరు. కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే ఆ తోకకు అతుక్కుంటూ పోవాలి. తోక పారేసినవాడు మళ్ళీ మొదటి నుంచి పోగు పోగునా అచ్చులోకి ఎక్కించుకోవాలి. మూడో తరగతిలో బడి మానిపించి నన్ను ఆ అతుకుపనికే కూర్చోబెట్టారు. చేతులకు పట్టిన చదువు అదొక్కటే. మిగిలిన దాన్ని పారెయ్యొద్దు, రేపటిది దానికే అతకాలి.

అందుకని మడ్డి పారబొయ్యమంటే నా చెయ్యి రాలేదు. అంత దూరం పోయి తెచ్చిన పిల్ల తల, దాని మడ్డి మురుగు పోయే మోరీలో పొయ్యడమా? దవాఖానలో పారేసే ఇంజెక్షన్ సీసాలు అడిగి తెచ్చి, ఉడకబెట్టి, వాటిలోకి మడ్డి తీసి ఫ్రిజ్ పై అరలో, ఐసు గడ్డకట్టే చోట పెట్టాను. దేనికి పనికొస్తుందో తెలియదు. రాయడం నాకు ఆలస్యం, ముడి వెయ్యడం చప్పున వస్తుంది. కాళ్ళు రాని పిల్లలకు ఎర్ర పట్టు పోగు, మంచివాటికి తెల్ల నూలు పోగు సీసా మెడకు కట్టాను. ఎన్నో వారానివో అన్ని ముడులు.

మేడం ఒకసారి చూసి “ఏందవి?” అన్నది. “ఏం లేవు మేడం, మిగిలినవి” అన్నాను. వాడిన కాగితాలు, సీసా బిరడాలు, తెగిన రబ్బరు గొట్టాలు అన్నీ దాచేదాన్ని గనుక ఇదీ ఆ బాపతే అనుకున్నది. మళ్ళీ అడగలేదు. నేనూ చెప్పలేదు. చెప్తే పద్ధతికి విరుద్ధం, పారబొయ్యమంటుంది.

గొడవ పడ్డ నాడే మధ్యాహ్నం సీసాలన్నీ తీసి లాబు వెనక పిట్టగోడ మీద ఎండకు పెట్టాను. నలభైకి పైగా ఉన్నాయి. మంచు కరిగింది. ఒక్కొక్కటే మూత తీసి మోరీలో ఒంపాను. మేడం కిటికీ దగ్గర కూర్చుని రాసుకుంటోంది, పది అడుగుల దూరం కూడా లేదు. ‘మేడం, ఇవి పిల్లల మడ్డి, ఇవి గూడ పారబొయ్యాల్నా?’ అని ఒక్క మాట అడిగితే అయిపోయేది. సగం సీసాలయ్యాక ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. నన్ను అబద్ధాలకోరును చేసిన మనిషిని నేనెందుకు అడగాలె, అనుకున్నాను. ఎప్పుడన్నా ఒకనాడు వీటికోసం వెతుక్కుంటే అప్పుడు తెలిసొస్తది, అనీ అనుకున్నాను. మనసులో అనుకున్నవన్నీ జరగకపోవడం మనిషికి ఎంత మేలో నాకు ఆ తర్వాతే తెలిసింది.

సీసాలు మాత్రం పారెయ్యలేదు. సీసాలు పనికొస్తాయి కదా. ఏడు నీళ్ళు పోసి కడిగి, పోగులు కట్టినవి కట్టినట్టే ఒక రేకు డబ్బాలో వేసి బల్ల కింద పెట్టాను.

ఎనిమిదో రోజు హైదరాబాద్ నుంచి మేడం గైడు వచ్చాడు. నెరిసిన తల, నెమ్మది మాట. థీసిస్ పంపించవచ్చా లేదా చెప్పడానికే వచ్చాడు. ఆయన సంతకం లేకుండా అది కదలదు. గంటసేపు నోటుబుక్కు తిప్పాడు. నేను చాయ్ తీసుకుని లోపలికి పోయేసరికి మేడం తల వంచుకుని అంటోంది, “ట్యూబులు సరిగ్గ కడగలేదు సర్, అందుకే ఇట్ల తప్పొచ్చింది.”

“ట్యూబులు బాగానే కడిగారమ్మా” అన్నాడాయన. “లెక్క తప్పలేదు. మీరు చూసిన చోటు తప్పు.”

నా చెవులకు ఆ మాట ఎంత తియ్యగా తగిలిందో చెప్పలేను. తర్వాతి మాటల కోసం ట్రే పట్టుకుని అక్కడే నిలబడ్డాను. పోయి ఉంటే బాగుండేది.

ఆయన లేచి బోర్డు మీద ఒక గుండ్రం గీసి, లోపల అడ్డంగా నిలువుగా గీతలు గీశాడు.

“కణమంటే నీళ్ళు నింపిన సంచి అని పాఠం చెప్పేస్తాం. కాదు. లోపల సన్నటి పోగులతో అల్లిన పందిరి ఉంటుంది. కణానికి ఆ రూపం, నరానికి ఆ పొడుగు దానివల్లే నిలుస్తాయి. మీ సబ్బు మందుకు పొరలు కరుగుతాయి, పందిరి కరగదు. మీరు చెత్త అనుకున్న మడ్డిలో ఉన్నది అదే.”

“మరి ఎంజైము సర్?”

“అది నీళ్ళలో ఇష్టమొచ్చినట్టు తిరగదు. దాన్ని పట్టుకునే ప్రోటీన్లు వేరే ఉన్నాయి. వాటిలో కొన్ని స్వయంగా ఏ పనీ చెయ్యవు. ఒక కొసతో ఎంజైమును పట్టుకుంటాయి, ఇంకో కొసతో పోగును పట్టుకుంటాయి. అంతే వాటి ఉద్యోగం. పనిమనిషిని తీసుకుపోయి పని ఉన్న చోట నిలబెట్టడం. ఎంజైము ఎంత ఉందన్నది సగం మాట. ఎక్కడ ఉందన్నది మిగతా సగం. ఇవి ఇప్పుడిప్పుడే ఒక్కొక్కటి బయటపడుతున్నాయి.”

మేడం ముఖంలో ఇంకా సందేహం ఉంది. నాకు లేదు. మా గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. నేసేటప్పుడు ప్రతి పేక, అంటే అడ్డపోగు, దగ్గరా ఆ రెండింటినీ ఒకదానిలో ఒకటి మెలేసి లాగాలి. చీర కొనేవాళ్ళు అంచు చూస్తారు, బుటా చూస్తారు, ఆ మెలిక చూడరు. మెలిక వదిలితే అంచు అంచే, ఒళ్ళు ఒళ్ళే.

“మంచి పిల్లల్లో ఎంజైము పందిరికి కట్టుబడి మడ్డిలోకి పోయి ఉంటుంది. అందుకే తేటలో తక్కువ” అన్నాడాయన. “కాళ్ళు రాని పిల్లల్లో ఆ పట్టు వదిలి తేటలోకి వచ్చిందేమో. ఏమో అంటున్నాను, అవునని కాదు. రెండు రకాల మడ్డి పక్కపక్కన పెట్టి చూస్తే తేలిపోతుంది. అదే నిజమైతే మీ థీసిస్ అదే. మడ్డి ఏమైనా మిగిలిందా? చల్లగా ఉంచినది చాలు. పని చేసే శక్తి కొంత పోయినా, పట్టుకునే ప్రోటీన్ ఉందో లేదో చూడొచ్చు.”

“ఎక్కడిది సర్. ఎప్పటిదప్పుడు పారబోసినం. ఎవరు దాస్తరు?”

చాయ్ కప్పులు ఇద్దరి ముందూ పెట్టాను.

“మళ్ళీ పిల్లలను తేలేరా?”

“ఈ ఏడు ఆ రోగం లేదు సర్. పశువుల దవాఖానోళ్ళు గొర్లతోని ఏదో ఉప్పు నాకిపిచ్చిండ్రు. పిల్లలన్ని లేచి తిరుగుతున్నయి.”

“మంచిదే కదా” అన్నాడాయన. మంచిదే. ఆ ముసలి కాపరి సంతోషాన్ని కాదనడానికి మేమెవరం? ఆయన కలం మూత పెట్టాడు. “ఉన్నదాంతో నేను సంతకం చెయ్యలేనమ్మా. ప్రశ్న ఉంది, జవాబు లేదు.” పదకొండు గంటల బస్సుకు పోయాడు.

మేడం ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మధ్యాహ్నం తరగతి కూడా తీసుకుంది. తరగతి అయ్యాక లాబుకొచ్చి నా ఎదురుగా స్టూలు మీద కూర్చున్నది.

“నా నసీబు అమ్మా. పారబొయ్యమని పద్ధతిల ఉన్నది, పారబోసినం. ఎవరి తప్పు లేదు” అన్నది. “నీ మీద సబ్బు నింద ఏసిన. మనసుల పెట్టుకోకు” అన్నది.

ఆ మాట అనకపోయి ఉంటే నేను నోరు విప్పేదాన్ని కాదేమో. సీసాల సంగతి లోకంలో నాకొక్కదానికే తెలుసు. చెప్పకపోతే ఎప్పటికీ ఎవరికీ తెలియదు. కానీ తప్పు నాదైతే ఆమె నన్ను క్షమాపణ అడగడం నేను భరించలేకపోయాను. బల్ల కింది నుంచి రేకు డబ్బా తీసి ఆమె ముందు పెట్టాను.

“ఏందివి?”

“మడ్డి ఉండె ఈ సీసాలల్ల. ఎర్ర పోగువి కాళ్ళు రానియి. తెల్ల పోగువి మంచియి. ముడులు వారాలు.”

ఆమె ఒక సీసా తీసి వెలుతురుకు పెట్టి చూసింది. అద్దంలా ఉంది. నేను కడిగింది కదా. వేలితో ముడులు లెక్కపెట్టింది.

“అన్నీనా?”

“అన్ని. మొదటి పిల్ల కాడికెంచి.”

“ఎప్పుడు పారబోసినవ్?”

“మీరు ఫ్రిజ్ ఖాళీ చెయ్యమన్ననాడు.”

“ఎన్మిది దినాలాయె.”

“అయితది.”

“నేను కిటికీ కాడనే ఉంటిని గద. నన్నొక మాట అడగకపోతివి.”

“ఒక్కటి మిగలొద్దంటిరి.”

ఆమె సీసాను డబ్బాలో పెట్టింది. పెట్టాక నా ముఖం చూసింది. “మల్లొకసారి అడిగితివి నువ్వు. ఒక్కటి మిగలొద్దా అని. రేపేమన్న అయితె మాట నాదే కావాలె అని అడిగినవ్. గంతే గద?”

నేను సీసాల పోగులు సర్దాను.

“పొద్దుగాల నుంచి నసీబు అనుకుంట ఉన్న” అన్నది. “గిప్పుడు గట్ల గూడ అనుకోనియ్యవైతివి.”

నిజం చెప్తే బరువు దిగుతుందని పెద్దలంటారు. దిగింది, నాది. దించి ఆమె మీద పెట్టాను. పారబోసింది నా చెయ్యి, పారబొయ్యమన్నది ఆమె నోరు, ఇక జన్మంతా ఆమె ఆ సీసాలను లెక్కపెట్టుకోవాలి. ఆమె దగ్గర ప్రశ్న ఉంది, నా దగ్గర మడ్డి ఉంది, రెండూ ఒక్క గదిలోనే ఉన్నాయి. నడుమ ఒక్క మాట లేకపోయింది. కాళ్ళు రాని పిల్లల్లో ఆ పట్టు నిజంగా వదిలిందో లేదో నాకు తెలియదు. ఆయన ఊహ తప్పే అయి ఉండొచ్చు. తప్పయితే తప్పని తెలిసేది. అది కూడా తెలియకుండా చేశాను.

పిల్లలూ, పొదుపు మంచిదే. నేను ఇప్పటికీ దారం ముక్క పారెయ్యను. కానీ దాచింది ఏమిటో ఇంకొకరికి చెప్పకుండా దాస్తే, దాన్ని పారబొయ్యడానికి ఒక్కరి కోపం చాలు. పేరు రాయండి. రాయడం రాకపోతే నోటితో చెప్పండి.

మరునాడు పొద్దున ఎప్పటిలాగే మాంసం కొట్టుకు పోయాను. “తెలివి ఇంకా సాలలేదా అమ్మా?” అన్నాడు కొట్టాయన. మంచి పిల్ల మెదడు ఒకటి మంచు మీద పెట్టించుకుని వచ్చాను.

మేడం నాకంటే ముందే వచ్చి ఉంది. తనే నూరింది. తనే మందు పోసి మిషన్లో పెట్టి తిప్పింది. తేటను ఒక ట్యూబులోకి తీసింది. ఈసారి మడ్డిని పారబొయ్యలేదు, నీళ్ళు కలిపి ఇంకో ట్యూబులో పోసింది. రెండింటిలోనూ పసుపు మందు వేసి గడియారం చూస్తూ కూర్చున్నది. తేట ఎప్పటిలాగే వెలవెలబోయింది. మడ్డి ట్యూబు గడపకు రాసిన పసుపులా చిక్కబడింది.

ఆమె ఆ లెక్క నోటుబుక్కులో రాసింది. దాని పక్కన ఎర్ర సిరాతో ఇంకో గడి గీసి, కాళ్ళు రాని పిల్లలు అని రాసి, ఖాళీగా వదిలి పుస్తకం మూసింది.

“ట్యూబులు కడుగమ్మా” అన్నది.

కడిగాను. ఏడు నీళ్ళు పోశాను. ఆమె చూడలేదు.